కుక్కకి కుట్టేటప్పుడు వీపు కాదు, చంక చూడండి

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది హనుమకొండ. చాలా ఏళ్లుగా ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల ఫ్రాకులు కుడుతున్నాను. మా వీధిలో ఒకావిడ తన పగ్ కుక్క పుట్టినరోజుకి ఫ్రాకు కుట్టమంటే సరదాగా ఒప్పుకున్నాను. ఏడాది పాపకి కత్తిరించినట్టే కత్తిరించాను. వేసి నిలబెడితే ముద్దుగా ఉంది, ఫొటోలూ బాగా వచ్చాయి. కానీ అది నాలుగడుగులు వేసేసరికి మెడ దగ్గర బిగుసుకుపోయింది, ముందు కాళ్ల మధ్య గుడ్డంతా కుప్పపడింది. అయినా ఆ ఫొటోలు చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరిది ముధోల్ వేటకుక్క, చలికాలానికి కోటు కావాలట. ఇంకొకరు మే నెలలో అన్న పెళ్లి బరాత్‌లో తిప్పడానికి తమ గోల్డెన్ రిట్రీవర్‌కి జరీ షేర్వాణీ కుట్టమంటున్నారు, అడ్వాన్స్ కూడా ఇస్తామన్నారు. కొలతలు ఎలా తీసుకోవాలి? ఏ గుడ్డ వాడాలి? ఈ పని పెట్టుకోవచ్చా? కొత్త కుక్కలు కరుస్తాయేమోనని టెన్షన్ కూడా ఉంది.
— ఒక టైలరమ్మ, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ ఫ్రాకులో తప్పు కుట్టులో లేదు, ఆదిలో, అంటే కొలతకి పెట్టుకున్న నమూనాలో ఉంది. ఏడాది పాపని ఆదిగా పెట్టుకున్నారు. పాపకి చేతులు పక్కల నుంచి వస్తాయి, కుక్కకి ముందు కాళ్లు రొమ్ము కింద నుంచి దిగుతాయి. మీరు చంకని అలవాటుగా పక్కకి తీశారు. ఆ చంకలోంచి కాలు కిందికి రావాలంటే గుడ్డని తనతో పాటు లోపలికి లాక్కుని రావాల్సిందే. అలా వచ్చిన గుడ్డే మీకు కాళ్ల మధ్య కుప్పగా కనిపించింది. మెడ బిగుసుకోవడం కూడా అక్కడి నుంచి మొదలైన లాగుడే.

నిలబెట్టినప్పుడు బాగుండి నడిచేసరికి పాడైందన్నారు కదా, దానికీ కారణం ఉంది. మన భుజాన్ని కాలర్ బోన్ ఒక చోట పట్టి ఉంచుతుంది. కుక్కకి ఆ ఎముక పేరుకి మాత్రమే ఉంటుంది. దాని ముందు కాలు మొండేనికి ఎముకతో అతికి ఉండదు, కండరాలతోనే కట్టి ఉంటుంది. అందుకే అడుగేసిన ప్రతిసారీ భుజం రెక్క మొత్తం వీపు పక్కన ముందుకీ వెనక్కీ జారుతుంది. పగ్ నడుస్తుంటే చర్మం కింద ఆ రెక్క కదలడం పై నుంచి చూసినా తెలుస్తుంది. ఒంటి బరువులో సగానికి పైగా ముందు కాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఆ కదలికకి గుడ్డ అడ్డొస్తే కుక్క సర్దుకోలేదు. నడక మార్చేస్తుంది, లేదంటే నిలబడిపోతుంది.

అందుకని బొమ్మ గీసేటప్పుడే రొమ్ము ముక్కతో మొదలుపెట్టండి. వీపు మీద పెట్టే బోలు, లేసు, పేరు ఎంబ్రాయిడరీ అన్నీ యజమాని చూసుకోవడానికి. కింద ఉండే ముక్కతోనే కుక్క రోజంతా వేగాలి. బజార్లో స్మాల్, మీడియం అని దొరికే చాలా వాటిలో శ్రద్ధంతా పై ముక్క మీదే ఉంటుంది, కింద ఒక పట్టీ వేసి వదిలేస్తారు. మీ దగ్గరికి మనుషులు వస్తే అందుకే వస్తారు.

ఇక కొలతలు. కుక్క నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడి ఎదురుగా చూస్తుండాలి. కూర్చున్న కుక్కకి తీసిన కొలత పనికిరాదు. మెడ కొలత కాలర్ ఉండే చోట కాదు, ఇంకా కిందికి, మెడ భుజాల్లో కలిసే చోట తీయాలి. ఛాతీ ముందు కాళ్ల వెనక, అన్నిటికంటే వెడల్పైన చోట. నడుం వెనక కాళ్లకి ముందు, సన్నబడే చోట. వీపు పొడవు మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా. ఇవి నాలుగూ అందరూ తీస్తారు. రెండు మాత్రం దాదాపు అందరూ మర్చిపోతారు, బట్ట కూర్చోవడం కూర్చోకపోవడం వాటి మీదే ఆధారపడుతుంది. ఒకటి, గొంతు కింద గుంట నుంచి ముందు కాళ్ల మధ్యకి ఎంత దూరం. రెండు, ఆ రెండు కాళ్లకీ మధ్య ఎడమెంత. వీటితో పాటు కాలి పై భాగం చుట్టుకొలత, రొమ్ము ఎముక ఎక్కడ ముగుస్తుందో కూడా రాసుకోండి. మగదా ఆడదా అన్నది మొదటి లైన్లోనే రాసుకోవాలి. మగ కుక్కకి పొట్ట కింద ముక్క మూత్రం వచ్చే చోటికి బాగా ముందే ఆగిపోవాలి. లేదంటే మొదటి స్తంభం దగ్గరే బట్ట తడిసిపోతుంది. ఆడ కుక్కకి ఇంకాస్త వెనక్కి వెళ్లినా ఇబ్బంది లేదు.

బొచ్చు కుక్కలకి టేపు బొచ్చు మీద తేలేలా పెడితే బట్ట వదులవుతుంది, చర్మానికి నొక్కి పెడితే బిగుసుకుంటుంది. బొచ్చుని చేత్తో సర్ది, టేపు కింద రెండు వేళ్లు దూరేలా ఉంచి చదవండి.

కరుస్తుందేమోనన్న భయం ఉండాల్సిందే. ఫోన్లోనే అడిగేయండి: రేబిస్ టీకా వేశారా, కొత్తవాళ్లు తాకితే ఎలా ఉంటుంది అని. వచ్చాక మీదికి వంగకండి, తల మీద చెయ్యి పెట్టకండి. దానికి పక్కగా కింద కూర్చుని, టేపుని నేల మీద పడేసి వాసన చూడనివ్వండి. యజమాని ముందు నిలబడి ఏదైనా తినిపిస్తుంటే మీరు పక్క నుంచి మొదట ఛాతీ కొలిచి, తర్వాత వీపు, చివరికి మెడ తీసుకోవచ్చు. పెదాలు నాకుతూ తల తిప్పేసుకుంటే, ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడిపోతే అది ఒప్పుకున్నట్టు కాదు. అక్కడితో ఆపేయండి. మళ్లీ రమ్మనండి, లేదా యజమాని చేతే కొలిపించండి. అసలు తాకనివ్వని కుక్కయితే దానికి సరిపోయే హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీల బెల్టు), కాలర్ తెప్పించుకోండి. బ్లౌజుకి ఆది బ్లౌజు ఎలాగో దీనికవి అలాగే. కాలర్ మెడ పైన ఉంటుంది కాబట్టి మెడ మొదలు కొలత దానికంటే ఎక్కువే వస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా పన్ను దిగితే గాయాన్ని 15 నిమిషాల పాటు ధారగా పడే నీళ్లకింద సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. టీకా వేసిన కుక్కే కదా అని ఆగొద్దు.

ఇప్పుడు మీ పగ్ ఫ్రాకునే మళ్లీ కత్తిరిద్దాం. దాని మెడ 15 అంగుళాలు, ఛాతీ 21, వీపు 12, కాళ్ల మధ్య ఎడం 4, కాలి చుట్టు 6½ అనుకుందాం. గుడ్డ సాగని కాటన్. ఛాతీకి 2 అంగుళాలు లూజు కలిపితే 23. ఇందులో రొమ్ము ముక్క 6 అంగుళాలు, మిగతా 17 వీపు ముక్క, అంటే మడత మీద 8½. రొమ్ము ముక్క అంతా ఒకే వెడల్పు ఉండకూడదు. కాళ్ల మధ్య నుంచి వెళ్లే చోట కాళ్ల ఎడం ఎంతో అంతే, 4 అంగుళాలు, ఇంకో పావు తగ్గినా మంచిదే. కాళ్లు దాటాక 6కి విప్పారాలి. మీ ఫ్రాకులో ఈ నడుమ భాగం పాప ఛాతీ అంత వెడల్పుగా వచ్చి ఉంటుంది.

చంక ఈ రెండు ముక్కలు కలిసే కుట్టు మీద పడుతుంది. అందులో సుమారు రెండొంతులు వీపు ముక్క అంచులోంచి, ఒక వంతు రొమ్ము ముక్కలోంచి తీయండి. కాలి చుట్టు 6½ అయితే చంక రౌండ్ 9 దాకా ఉండొచ్చు. గుండ్రంగా కాదు, కోడిగుడ్డులా తీయాలి, వెడల్పు కొస మోచేతి వెనక్కి, కిందికి రావాలి. కుక్క చంకలో చర్మం పల్చన, బొచ్చు తక్కువ, ఒరుసుకుపోయేది అక్కడే. ఫ్రాకుకి పెట్టే బుట్ట చేతులు, కుచ్చుల చేతులు వదిలేయండి. చేతులు లేకుండా చంకకి సన్నటి క్రాస్ పట్టీ వేసి, దాన్ని బయటికి తిప్పి కుట్టండి. మనుషుల బట్టకి కుట్టు లోపల దాస్తాం, ఇక్కడ ఆ దాచిన మడతే చర్మాన్ని గీకుతుంది. ఓవర్‌లాక్ అంచు ఒరుసుకునే చోట ఉంటే దాని మీద మెత్తటి పట్టీ కప్పాలి.

మెడకి 15కి 1 కలిపి 16. సుమారు 11 వీపు ముక్కకి, 5 రొమ్ము ముక్కకి వస్తాయి. పగ్ తల చుట్టూ మెడ చుట్టూ దాదాపు ఒకే కొలతలో ఉంటాయి, కాబట్టి సాగని గుడ్డని తల మీదుగా తొడిగే ఆలోచన పెట్టుకోవద్దు, వీపు మీద తెరుచుకునేలా కుట్టాలి. పైగా పగ్ ముక్కు చప్పిడి. మామూలుగానే గురకపెడుతూ ఊపిరి తీసుకునే జాతి. దాని మెడకి గట్టి కాలర్ పట్టీ, ఎలాస్టిక్ ఏదీ వద్దు. పొడవు వీపు కొలత కంటే అంగుళంన్నర తగ్గించి 10½ ఉంచితే తోకకి అడ్డం రాదు. వీటన్నిటికీ చుట్టూ అర అంగుళం కుట్టు మార్జిన్ విడిగా వేసుకోండి. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ అర మీటరు సరిపోతుంది.

అసలు గుడ్డ మీద కత్తెర పెట్టకముందు పాత చీర ముక్కతో కచ్చా కుట్టు వేసి ట్రయల్ చూడండి. బ్లౌజు ట్రయల్‌కి మనిషిని అద్దం ముందు నిలబెడతాం. కుక్కని నిలబెట్టి చూసిన ట్రయల్‌తో ఏమీ తెలియదు. వీధి చివరిదాకా నడిపించి తీసుకురమ్మనండి, కాస్త పరిగెత్తించమనండి, కూర్చోబెట్టమనండి, నీళ్ల గిన్నె కింద పెట్టి తాగించండి. మీరు నేల మీద కూర్చుని పక్క నుంచి, ఎదురు నుంచి చూడాలి. నడుస్తుంటే గొంతుకి పట్టేస్తోందంటే గొంతు గుంట నుంచి కాళ్ల దాకా ఉన్న గుడ్డ చాల్లేదు, చంకలు మెడకి మరీ దగ్గరైపోయాయి. మెడ రౌండ్ పెంచితే ఇది పోదు. చాలామంది అదే చేసి, బట్ట ఇంకా వెనక్కి జారుతోందని తల పట్టుకుంటారు. చంకని వెనక్కి జరపాలి. దీనికి భిన్నంగా, గొంతు కింద గుడ్డ సంచిలా వేలాడుతోందంటే చంకలు వెనక్కి వెళ్లిపోయాయి. మోచేతి వెనక గీత పడుతుంటే చంక వెనక అంచుని పావు అంగుళం చొప్పున తీస్తూ చూడండి, ఒకేసారి తీసేయకండి. నీళ్లు తాగడానికి తల వంచినప్పుడు మెడ వెనక బిగుసుకుంటే వీపు మెడ ఒక అర అంగుళం దింపాలి. బట్ట ఒక పక్కకి తిరిగిపోతోందా? ఛాతీ లూజు ఎక్కువై ఉండాలి, లేదా హోజరీ (సాగే బనియన్ రకం) గుడ్డని నిలువు అడ్డం చూసుకోకుండా కత్తిరించి ఉండాలి. హోజరీలో ఎక్కువ సాగే వైపు ఎప్పుడూ ఒంటి చుట్టూ రావాలి, పొడవుకి కాదు.

ముధోల్ కోటు మాత్రం నిజంగా అవసరమైన పని, సంతోషంగా ఒప్పుకోండి. కర్ణాటక బాగల్‌కోట్ వైపు వేటకుక్క అది. ఒంటి మీద కొవ్వు తక్కువ, బొచ్చు పొట్టి, చర్మం పల్చన. జనవరి తెల్లవారుజామున వణుకుతుంది. దానితో చిక్కేమిటంటే ఛాతీ లోతు, నడుం మాత్రం పిడికిట్లో పట్టేలా ఉంటుంది. ఛాతీ 27 ఉన్న కుక్కకి నడుం 19 ఉండొచ్చు. ఛాతీకి సరిపోయేలా తిన్నగా కుడితే పొట్ట కింద గుడ్డ వేలాడుతుంది, పరుగులో వెనక కాలు అందులో ఇరుక్కుంటుంది. టక్స్ వేయడం మీకు చెప్పాలా! కాకపోతే ఇక్కడ టక్స్ పొట్ట మధ్యలో వేయకుండా రెండు పక్కల కుట్టులోనే ఛాతీ వెనక నుంచి నడుం దాకా పొడవుగా లాగండి. పొట్ట అంచుకి అంగుళం వెడల్పు మెత్తటి ఎలాస్టిక్ వదులుగా పెట్టొచ్చు. సన్న ఎలాస్టిక్ వద్దు, దారంలా కోస్తుంది.

ఇంకా తేలిక దారి ఉంది, ముధోల్‌కి నేనైతే ఇదే కుడతాను. చంకలే లేని కోటు. వీపు మీద పరుచుకునే ఒక ముక్క, రొమ్ముకి అడ్డంగా ఒక వెడల్పు పట్టీ, పొట్ట కింద ఇంకో పట్టీ. రొమ్ము పట్టీ గొంతు మీదికి ఎక్కకుండా రొమ్ము ఎముక మీద కూర్చోవాలి, పొట్ట పట్టీ మోచేతికి రెండు వేళ్లు వెనక ఉండాలి. ఇది తొడగడం అక్కర్లేదు, కప్పి బిగిస్తే చాలు. కాళ్లు పట్టుకుంటే బెదిరే కుక్కలకి ఇంతకంటే మంచి నమూనా లేదు. పొడవాటి మెడకి హోజరీ రిబ్‌తో మడతపెట్టే గొట్టం ఒకటి విడిగా కుట్టివ్వండి. లోపల ఫ్లానెల్, పైన కాస్త దళసరి కాటన్ పెడితే మన చలికి ఎక్కువే. హార్నెస్ మీద కోటు వేస్తారా, కోటు మీద హార్నెస్సా అని అడగండి. కోటు పైనుంటే వీపు మీద గొలుసు కొక్కెం బయటికి రావడానికి ఒక ఖాజా లాంటి చీలిక ఉంచాలి. పొద్దెక్కి ఎండ రాగానే తీసేయమని గట్టిగా చెప్పండి.

గుడ్డల విషయంలో పెద్దగా చెప్పడానికేమీ లేదు. కాటన్, హోజరీ, ఫ్లానెల్ చాలు. కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి ష్రింక్ తీసేయండి, ఎందుకంటే ఈ బట్టలు చీరల్లా కాదు, వారానికి రెండు మూడు సార్లు ఉతుకుతారు. నెట్, గరుకు జరీ, కాన్‌కాన్ (ఉబ్బుగా నిలబడటానికి వేసే గట్టి నెట్) ఒంటికి తగిలే చోట వద్దే వద్దు. షిజూ, లాసా లాంటి పొడవు బొచ్చు కుక్కలకి ఉన్ని, ఫ్లీస్ రాసుకుంటే చంకల్లో బొచ్చు ఉండలు కట్టేస్తుంది. వాటికి లోపల జారుడు లైనింగ్ వేయండి.

నేను అసలు రాజీపడనిది బటన్ల దగ్గర. ముత్యాలు, కుందన్లు, చెమ్కీలు, హుక్స్, చిన్న గంటలు ఏవైనా సరే, కుక్కకి అవి నమిలే వస్తువులే. మింగితే పేగులో అడ్డం పడొచ్చు, ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. మూసే ఏర్పాటు వీపు మీదే పెట్టండి, అక్కడికి దాని నోరు అందదు, పడుకున్నప్పుడు నొక్కుకోదు. గట్టిగా బిగించిన టిచ్ బటన్లు మంచివి. వెల్క్రో తేలికే కానీ గరుకు వైపు ఒంటివైపుకి చూడకూడదు, బొచ్చు పట్టేస్తే కొన్నాళ్లకే పట్టు పోతుంది, పైగా చర్రుమని లాగితే బెదిరే కుక్కలు ఉంటాయి. మెడ దగ్గర బొందులు, దారాలు వేలాడదీయొద్దు.

ఇంకో పని కూడా మీ చేతికి రాగలదు, షేర్వాణీల కంటే నాలుగు రెట్లు ఉపయోగపడేది. ఆడ కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక కుట్లు నాకకుండా మెడకి గరాటు లాంటి ప్లాస్టిక్ గొట్టం కడతారు. కొన్ని కుక్కలు దానితో తినవు, గోడలకి కొట్టుకుంటాయి. దాని బదులు ఒంటి నిండా ఉండే హోజరీ సూట్ వేయొచ్చు. మెడ నుంచి తోక దాకా కప్పుతూ, కాళ్లకి నాలుగు చంకలు, వెనక భాగం మూత్రానికి తీసుకెళ్లేటప్పుడు విప్పి వీపు మీదికి మడిచి టిచ్ చేసుకునేలా. గాయం మీద కుట్టు గీత పడకూడదు, గుడ్డ తగిలీ తగలనట్టు ఉండాలి, గాలి ఆడాలి. చర్మం కుట్లు మామూలుగా 10 నుంచి 14 రోజులకి తీస్తారు కాబట్టి ఒకటి తడిస్తే మార్చుకోవడానికి రెండు కుట్టాలి. గొట్టం బదులు ఇది వేయొచ్చా లేదా అన్నది ఆ కుక్కని చూసిన డాక్టరే చెప్పాలి. మీ ఊరి పశువైద్యుల దగ్గరికి ఒక నమూనా తీసుకెళ్లి చూపించండి. పనికొస్తుందని వాళ్లకి నమ్మకం కుదిరితే పెళ్లిళ్ల సీజన్‌తో సంబంధం లేకుండా ఏడాదంతా పని ఉంటుంది.

డెలివరీ ఇచ్చేటప్పుడు యజమానికి రెండు ముక్కలు చెప్పి పంపండి. మొదటి రోజే పూర్తిగా తొడిగేయకుండా, వాసన చూడనిచ్చి, వీపు మీద వేసి ఏదైనా తినిపించి తీసేయాలి. కాసేపు కాసేపుగా పెంచుకుంటూ పోవాలి. బట్ట వేయగానే బొమ్మలా నిలబడిపోతే "ఎంత బుద్ధిగా ఉందో" అని మురిసిపోతారు, నిజానికి అది భయంతో బిగుసుకుపోవడం. చెవులు వెనక్కి, తోక కాళ్ల మధ్యకి వెళ్తే తీసేయాల్సిందే. ఒంటరిగా వదిలినప్పుడు, రాత్రి పడుకునేటప్పుడు బట్ట ఉండకూడదు. రోజూ తీసి చంకలు, మెడ, పొట్ట తడిమి చూడాలి. తడిసిన బట్ట ఒంటి మీదే ఆరితే చర్మం పాడవుతుంది, కింద పేలూ గోమార్లూ కనబడకుండా పెరుగుతాయి.

రేటు దగ్గర మొహమాటపడకండి. ట్రయల్‌కి, పేపర్ కటింగ్‌కి విడిగా తీసుకోండి, రెండోసారి అదే కుక్కకి కుట్టేటప్పుడు ఆ డబ్బు తగ్గించండి. ప్రతి కటింగ్ మీద కుక్క పేరు, తేదీ రాసి దాచుకోండి. పిల్ల కుక్కకి ఖరీదైన గుడ్డ తెస్తే వద్దనండి, రెండు నెలల్లో అది పట్టదు.

షేర్వాణీ మాత్రం కుట్టొద్దు. గోల్డెన్ రిట్రీవర్ 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ కొండల్లో తయారైన జాతి. వేటగాళ్లు కొట్టిన పక్షిని చల్లటి నీళ్లలోకి దూకి తేవడానికి రెండు పొరల బొచ్చుతో పెంచారు. దానికి పుట్టుకతోనే ఉన్ని కోటు ఉంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల మెత్తల దగ్గర కాస్త పడుతుందంతే. వేడి దించుకోవడానికి దానికున్న ప్రధాన దారి నాలుక బయటపెట్టి రొప్పడం. మామూలుగానే దాని ఒంటి వేడి 101 నుంచి 102½ ఫారన్‌హీట్ ఉంటుంది, 105 దాటిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. మన వరంగల్ మే నెల ఎండ సంగతి మీకు తెలుసు, సాయంత్రం ఏడింటికి కూడా తారు రోడ్డు వేడి వదలదు. లైనింగ్ వేసిన జరీ గుడ్డ, చుట్టూ జనం, పక్కనే డీజే, పైన బాణసంచా. గుండీ ఎంత లూజుగా పెట్టినా ఈ బట్టకి ఫిట్టింగ్ అంటూ ఉండదు.

కస్టమర్‌కి ఈ మాట కోపం రాకుండా చెప్పొచ్చు. కుక్కకి వేడి చేస్తుందనే చెప్పండి, చాలామంది వింటారు. వాళ్లకి కావలసింది పెళ్లి ఫొటోలో కుక్క పెళ్లివాళ్లలా కనిపించడం. పెళ్లికొడుకు షేర్వాణీ గుడ్డలోదే ఒక ముక్క తెచ్చిమ్మనండి. దానికి కాటన్ లైనింగ్ వేసి త్రికోణంగా రుమాలు కత్తిరించి, పై అంచుని గొట్టంలా మడిచి కుట్టండి. కుక్క రోజూ వేసుకునే కాలరే ఆ గొట్టంలోంచి దూరుతుంది. మెడకి ముడి అక్కర్లేదు, జరీ చర్మానికి తగలదు, ఫొటో అయ్యాక ఒక్క లాగుతో వచ్చేస్తుంది. ఫొటో ఇంట్లో, ఏసీ గదిలో, బ్యాండు మొదలవకముందే తీయించుకుని కుక్కని అక్కడే ఉంచేయమనండి. ఇంత పనికి అడ్వాన్స్ తీసుకోవడం కూడా అనవసరం, పావు మీటరు గుడ్డ, అరగంట పని.